పంటిగాట్ల ఉయ్యాల

కుట్టు దుకాణం,
కత్తెర బల్ల మీది నుంచి
మంగళవారం

వదినగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం మన పిల్లల పెళ్ళికార్డు వెనక రాస్తున్నానని ముక్కు మీద వేలేసుకోకండి. అప్పట్లో అచ్చు వేయించిన కార్డుల్లో సగం మిగిలిపోయి బీరువా కింద దుమ్ము తింటున్నాయి. మీ కోడలు, అదే నా కూతురు, నిన్న పెట్టిన షరతు విన్నాక కొత్త కాగితం ముట్టుకోవాలంటే నాకు చెయ్యి ఆడలేదు.

ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. మా ఇంట్లో ఫోన్ ఎప్పుడూ మీ అన్నయ్యగారి చేతిలోనే ఉంటుంది. స్పీకర్ పెట్టకుండా ఆయన మాట్లాడరు, విన్నది విన్నట్టు పిల్లలకి చేరవేయకుండా నిద్రపోరు. మీ ఇంటాయన కూడా అదే బాపతని మీరే చెప్పారు. ఇద్దరికీ కడుపులో మాట దాగదు. అందుకని ఇకమీదట మన కబుర్లన్నీ ఉత్తరాల్లోనే.

షరతు మీకూ తెలిసే ఉంటుంది. రేపు నాకు చెప్పలేదు అనకుండా మళ్ళీ రాస్తున్నాను. పుట్టబోయే బిడ్డ కోసం కొట్టులో కొన్న కొత్త వస్తువు ఒక్కటి కూడా వాళ్ళ గడప దాటకూడదట. ఎవరో ఒకరు వాడినదే రావాలట. "కనబడ్డదల్లా కొని, నాలుగు రోజులు వాడి, అవతల పారేస్తూ పోతే ఈ బిడ్డకి మిగిలేది చెత్తకుప్పేనమ్మా" అంది. దాన్ని కన్నందుకు నాకు గర్వం కూడా కలిగింది. తర్వాతి ముక్క వినేసరికి ఆ గర్వం కాస్తా దిగిపోయింది.

వాళ్ళుండేది ఒకటిన్నర గది. ఒకసారికి ఒక బామ్మే పడుతుంది. షరతు మీద నిలబడిన బామ్మకి మొదటి నెల. కొత్తది కొని పంపిన బామ్మకి రెండో నెల. ఇద్దరూ నిలబడితే చీటీ వేస్తారట. ఇద్దరూ తప్పితే మొదటి నెల తాతయ్యలిద్దరికీ ఇచ్చేస్తారట, వాళ్ళయితే వరండాలో పడుకుంటారట! టీ పెట్టమంటే గిన్నె ఎక్కడుందని అడిగే మనుషుల చేతికి పసిబిడ్డని ఇస్తారట!

వదినగారూ, దాపరికం లేకుండా చెబుతున్నాను. నాకున్నది ఒక్కతే కూతురు. దాని బిడ్డ కళ్ళు విప్పి లోకాన్ని చూసే ఆ మొదటి నెలలో నేను అక్కడ లేకపోతే నాకు ముద్ద దిగదు. కాబట్టి నేను నిలబడతాను. మీరు ఎలాగూ నిలబడలేరు. గొడుగు పుల్ల వంగిందని కొత్త గొడుగు కొన్న మనిషి మీరు. రెండో నెలలో వద్దురుగాని, బిడ్డని అప్పటికి కాస్త బొద్దుగా చేసి అప్పగిస్తాను.

మీ వియ్యపురాలు,
కాబోయే అమ్మమ్మ


నాటక సమాజం,
సామాన్ల గది, కిరీటాల అల్మరా పక్క నుంచి
ఆదివారం

వదినగారూ,

ఎంత మాట! ఎంత మాట! గొడుగు సంగతి ఎత్తారా? మీ దుకాణం ముందు "కొత్త బట్టలే కుట్టబడును, చిరుగులు కుట్టబడవు" అన్న బోర్డు ఇన్నేళ్ళుగా వేలాడుతోంది. చిరిగిన జేబుతో వచ్చిన ముసలాయన్ని కొత్త చొక్కా కొలతలు ఇప్పించి పంపింది తమరు కాదూ? పాత వస్తువుల గురించి మీరు నాకు చెప్పడం!

మీరు పెళ్ళికార్డు వెనక రాస్తే నేను పాత నాటకం పోస్టరు వెనక రాస్తున్నాను. తిప్పి చూడండి, ఏడుస్తున్న రాణి సగం ముఖం కనబడుతుంది. మీ ఉత్తరం చదివాక నాది కూడా సరిగ్గా అలాగే ఉంది. మొదటి నెల మీకొక్కరికేనా కావాల్సింది? నా కొడుకు పుట్టినప్పుడు నాకు ఒంట్లో బాగాలేక వాణ్ణి మొదటి నెల మా అక్క సాకింది. పురిటి బిడ్డ వాసన ఎలా ఉంటుందో నేను ఇంకొకరిని అడిగి తెలుసుకున్నాను. ఈసారి ఎవరినీ అడగదలచుకోలేదు.

ఇక వినండి. నేను గెలిచేశాను. ఉయ్యాల దొరికింది! మా మేనత్త మనవరాలి ఇంటిది. ముగ్గురు పిల్లలు ఊగి ఊగి పెద్దవాళ్ళయ్యారు. రంగు అక్కడక్కడా లేచిపోయింది. ఒక కాలి మీద పిల్లి గీరిన గీతలు. పై పట్టీ మీద పళ్ళు మొలిచేటప్పుడు పిల్లలు కొరికిన గాట్లు! ఆ గాట్లు తడుముతుంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. బస్సులో మీ దగ్గరికి పంపుతున్నాను. దానికి తగ్గ పరుపు మీరే కుట్టాలి, పాత దూదితో, పాత గుడ్డతో. ఓడిపోతున్న పార్టీ చేత కుట్టించుకోవడంలో ఉన్న ఆనందం వేరు.

ఇక్కడ అందరం క్షేమం. కొత్త నాటకానికి ఓ పాత కోట సామానంతా తయారు చేయాలి, చేతినిండా మైనం, మసి. మీ అన్నయ్యగారు షరతు విన్నప్పటి నుంచి చెప్పు తెగినా కుట్టించుకుని తొడుగుతున్నారు. ఎందుకో ఈ వారం మాత్రం పాలల్లో రొట్టె నానబెట్టుకుని తింటున్నారు. కట్టుడు పళ్ళు సర్దుకోవడం లేదట.

మీ వియ్యపురాలు,
కాబోయే నానమ్మ, మొదటి నెల


కుట్టు దుకాణం,
ఉయ్యాల పక్కన స్టూలు మీది నుంచి
శుక్రవారం

వదినగారికి,

ఉయ్యాల క్షేమంగా చేరింది. ఎంత ముచ్చటగా ఉందో! పరుపు కోసం కొలతలు తీస్తూ ఉయ్యాలనంతా తడిమి చూశాను. నేను టేపు మెడలో వేసుకుని పుట్టినదాన్ని కదా, ఏది కనబడినా కొలవకపోతే తోచదు. పై పట్టీ మీద ఉన్న ఆ పంటిగాట్లు కూడా కొలిచాను.

వదినగారూ, మీ మేనత్త మనవరాలి పిల్లలు చాలా గట్టి పిల్లలు. ఉయ్యాలలో ఊగే వయసుకే పై పళ్ళూ కింది పళ్ళూ దవడ పళ్ళతో సహా నిండుగా వచ్చేశాయి. పైగా ముగ్గురికీ ఒకటే నోరు. కొరికిన ప్రతి చోటా ఎడమవైపు మూడో పన్ను కాస్త వంకరగా ఉంది. అన్నయ్యగారు మన పిల్లల పెళ్ళిలో నవ్విన ఫోటో ఒకటి మా గోడ మీద ఉంది, అందులో కూడా ఎడమవైపు మూడోది కాస్త వంకరే. ఎంతైనా ఒకే వంశం కాబోలు. ఆయన ఇప్పుడు రొట్టె నమిలి తినగలుగుతున్నారా?

ఇంకా మీ పిల్లి. గీతలన్నీ నాలుగేసి చొప్పున ఒకే ఎడంలో ఉన్నాయి. ఫోర్కు పట్టుకు తినే పిల్లి మీ వైపు ఉంటుందని నాకు తెలియదు.

నేనేమీ అనుకోవడం లేదండి. నిన్న కొన్న కుర్చీని ఇవాళ నూరేళ్ళ సింహాసనంగా చేసి చూపించడం మీ ఉద్యోగం. చేతులు ఊరుకోవు కదా. పిల్లల దగ్గర ఇప్పుడప్పుడే నోరు విప్పను. మీ ముఖం చూసి ఊరుకుంటున్నాను.

అసలైన పాత వస్తువు ఎలా ఉంటుందో మీరు కూడా చూసి తెలుసుకోవాలని నా బొంత పంపుతున్నాను. మీ కోడలి చిన్నప్పటి గౌన్లన్నీ దాచిపెట్టి, ముక్కలు చేసి, ఒక్కో ముక్కా చేత్తో కలిపి కుట్టింది. అది తొడుక్కుని ఆడుకున్న బట్టలు, ఉతికి ఉతికి వెలిసిపోయి వెన్నలా అయ్యాయి. చెంపకి ఆనించుకుని చూడండి. కానీ కన్నీళ్ళతో తడపకండి, రంగు పోతుంది.

మీ వియ్యపురాలు,
అమ్మమ్మ, మొదటి నెల


సామాన్ల గది,
రాజుగారి మంచం మీది నుంచి
ఆదివారం

వదినా!

"గారు" తీసేశాను. మీకు ఇక ఆ మర్యాద లేదు!

మొదట మూడు పేజీలు నాది అసలైన పాత ఉయ్యాలేనని రాశాను. చించేశాను. అవును, కొత్తదే. అవును, ఆయన కట్టుడు పళ్ళే. స్నానానికి వెళ్తూ గ్లాసులో పెట్టారు, నేను పట్టుకొచ్చి పట్టీకి ఆనించి చిన్న సుత్తితో తట్టాను. ఎక్కువ తట్టానేమో, అప్పటి నుంచి అవి సర్దుకోవడం లేదు. ఫోర్కు కూడా నిజమే. చాలా?

ఇక మీ వెన్నలాంటి బొంత సంగతి చూద్దాం. వదినా, వాడిన బట్ట మడత దగ్గర వెలుస్తుంది, ఎండ తగిలిన చోట వెలుస్తుంది, కుట్టు లోపల కొత్తగానే ఉంటుంది. ఒక చోట విప్పి చూశాను, మీది కుట్టు లోపల కూడా వెలిసింది. అంటే కుట్టకముందే వెలిసిందన్నమాట. వాసన చూశాను. టీ! రాజుల శాలువాలు నేను ముంచేది కూడా ఆ టీలోనే. నా గదికే పంపి, నా మంచం మీదే పరిపించి, నాకే నాటకమా?

అది కూడా పోనివ్వండి. నా కోడలు గౌను తొడుక్కున్నది పాతికేళ్ళ కిందట. ఆ బట్ట మీద ఎలుగుబంటి పిల్లలున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని చూడండి, ఆ ఎలుగుబంట్లు సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని సెల్ఫీలు తీసుకుంటున్నాయి!

నేను నేల మీద పడి నవ్వాను వదినా. రాజు వేషం వేసే ఆయన పరుగెత్తుకొచ్చి మంచినీళ్ళు పట్టాడు.

ఇప్పుడు మన ఇద్దరి జుట్టూ ఇద్దరి చేతుల్లో ఉంది. మీరు నోరు విప్పితే నేను విప్పుతాను. ఇద్దరం విప్పితే ఏమవుతుంది? తాతయ్యలు! ఆ ఒక్క మాట తలుచుకుని నవ్వడం ఆపేశాను. నిన్నంతా కిరీటాలు తుడుస్తూ ఆలోచించాను. షరతు ఏమిటి? ఎవరో ఒకరు వాడినదే రావాలి. అంతేగా? నెలలు నిండడానికి ఇంకా టైముంది. అబద్ధాన్ని నిజం చేసేద్దాం! ఆ ఉయ్యాల మీ వీధిలో ఎవరైనా పసివాడికి ఇవ్వండి. నిజంగా ఊగనివ్వండి. ఈ బొంత నేను ఇక్కడ ఎవరికైనా ఇస్తాను. నిజంగా తడపనివ్వండి. అప్పటికి రెండూ నికార్సయిన పాత వస్తువులు అయిపోతాయి. మనిద్దరం తలెత్తుకుని చీటీ వేయించుకోవచ్చు.

ఈ పోస్టరు చదివి చింపేయండి. మా అన్నయ్యగారి కంట పడితే మన పని అయిపోయినట్టే.

మీ తోడుదొంగ


కుట్టు దుకాణం,
చిరుగుల గుట్ట వెనక నుంచి
గురువారం

తోడుదొంగ వదినకి,

పాడు ఎలుగుబంట్లు! గుడ్డ కొన్న రోజున కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. దారం ఎక్కించేటప్పుడు తప్ప అది పెట్టుకోను. గుడ్డని వేళ్ళతో చూడటం అలవాటైపోయింది, బొమ్మలు వేళ్ళకి తగలవు కదా.

మీ బుర్రే బుర్ర. పక్కనే రొట్టెల దుకాణం వాళ్ళ కోడలికి మూడు నెలల పిల్లాడున్నాడు. వాణ్ణి ఇన్నాళ్ళూ పిండి బస్తాల మధ్య పాత పరుపు మీద పడుకోబెడుతోంది. ఉయ్యాల తీసుకెళ్ళి ఇచ్చాను. "ఎన్నాళ్ళకి ఇస్తున్నారు పిన్నీ?" అంది. "నా మనవరాలో మనవడో వచ్చేదాకా" అన్నాను. అంతే, ఆ అమ్మాయి ఊరుకోలేదు, వాడికి బిగుతైపోయిన బట్టల మూట నా చేతిలో పెట్టింది. ఎదురింటి మాస్టారు చూసి వాళ్ళ అటక మీద ఉన్న పసిపిల్లల టబ్బు తెచ్చి నా దుకాణంలో పెట్టాడు. ఆయన పిల్లలకి ఇప్పుడు మీసాలొచ్చాయి, టబ్బు మాత్రం చెక్కుచెదరలేదు. మనం దుకాణాల చుట్టూ తిరిగి కొని, మసి పూసి, టీలో ముంచి నానా చావూ చచ్చాం. వీధిలో ప్రతి అటక మీదా సామాను పడి ఉంది వదినా, అడిగే దిక్కు లేక!

ఇంకో వింత. ఆ మూటలోని చొక్కాల గుండీలు ఊడిపోయి ఉంటే దుకాణంలోనే కూర్చుని కుట్టాను. ఎవరో చూశారు. మర్నాడు ఒకాయన చిరిగిన జేబుతో వచ్చాడు. ఎవరనుకున్నారు? మీరు ఎత్తిపొడిచిన ఆ ముసలాయనే! బోర్డు చూపించబోయి సిగ్గేసి ఆగిపోయాను. జేబు కుట్టి ఇచ్చాను. దాంట్లో చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, జేబు అడుగు తగులుతోందమ్మా అంటూ వీధి చివరిదాకా చూసుకుంటూ వెళ్ళాడు. ఆ సాయంత్రమే బోర్డు దించేశాను.

అప్పటి నుంచి తల ప్రాణం తోకకొస్తోంది. వీధి వీధంతా చిరుగులు మోసుకొస్తోంది. మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుకి నేను పసుపు గుడ్డతో నిమ్మకాయ ఆకారంలో మాసిక వేశాను, కాలేజీ పిల్లలకి అది తెగ నచ్చేసింది. ఇవాళ ఒకడు శుభ్రంగా ఉన్న ప్యాంటు తెచ్చి "ముందు చింపి తర్వాత కుట్టండి ఆంటీ" అన్నాడు. స్కేలు చూపించి తరిమాను. మీ అన్నయ్యగారు మాత్రం మోచేతి మీద మాసిక వేయించుకుని, అది కనబడేలా చెయ్యి మడిచి నడుస్తున్నారు.

ఇంత నవ్వుకుంటూ ఎప్పుడు పని చేశానో గుర్తు లేదు. బొంత ఎక్కడుంది?

మీ తోడుదొంగ


సామాన్ల గది,
మెట్లెక్కి కూర్చుని (కుర్చీలన్నీ అరువు పోయాయి)
సోమవారం

వదినా, వదినా, వదినా!

బొంత మా రాణి దగ్గరుంది. అంటే రాణి వేషం వేసే అమ్మాయి. తనకి కవల పిల్లలు. ఇద్దరూ కలిసి ఆ ఎలుగుబంట్ల మీద చేయవలసిన పనులన్నీ చేసేశారు. ఎన్నిసార్లు ఉతికారో లెక్క లేదు. ఇప్పుడు అది మడత దగ్గర వెలిసింది, ఎండ తగిలిన చోట వెలిసింది. నా అనుభవంలో ఇంత చక్కగా వెలిసిపోవడం చూడలేదు!

మీ వీధి ముచ్చట్లు చదివి నాకూ చేతులు ఊరుకోలేదు. మా గదిలో లేని వస్తువు లేదు కదా. నిచ్చెన ఉంది, నాలుగు పెద్ద పెట్టెలున్నాయి, పాతికమందికి టీ పెట్టే కెటిలుంది. ఏడాదికి రెండు నాటకాలు, మిగతా రోజులన్నీ దుమ్ములోనే. "కావాలంటే తీసుకెళ్ళండి, పని కాగానే తెచ్చివ్వండి" అని తలుపు మీద రాసి పెట్టాను. జనం తీసుకెళ్తున్నారు, తెచ్చిస్తున్నారు! ఒకే పెట్టె మూడు జంటలతో ఊళ్ళు తిరిగి వచ్చింది. పక్క మేడ వాళ్ళు డ్రిల్లు మిషను కొనబోయి, ఒక్క మేకు కోసమే కదా అని మా దగ్గరికి వచ్చి, మేకు కొట్టుకుని, పోతూ పోతూ వాళ్ళింట్లో ఊరికే ఉన్న ఇస్త్రీపెట్టె ఇచ్చి వెళ్ళారు.

అసలు కథ మొన్న జరిగింది. నాటకం రోజు. తెర లేవడానికి వేళయింది. రాజుగారి సింహాసనం లేదు! క్షౌరశాల ఆయన కుర్చీ విరిగిందని తీసుకెళ్ళాడు, నేను మర్చిపోయాను. పరుగెత్తాను. అందులో ఒకాయన ముఖానికి సగం సబ్బు, సగం గడ్డంతో దర్జాగా కూర్చుని ఉన్నాడు. "లేవండి, రాజుగారు నిలబడి ఉన్నారు" అన్నాను. ఆయన లేచాడు గానీ వదల్లేదు, గడ్డం పూర్తి చేయించుకునేదాకా కుర్చీతోనే ఉంటానని వెంట వచ్చేశాడు. మంగలి కూడా కత్తితో వచ్చాడు. సర్దడానికి వాళ్ళు వేదిక ఎక్కారు, ఈలోగా ఎవరో తెర లాగేశారు! రాజు, సింహాసనం, పక్కన సగం గడ్డం మనిషి, మెడ దగ్గర కత్తితో మంగలి. జనం ఊపిరి బిగపట్టి చూశారు. రాజు వేషం ఆయనకి ఏమీ తోచక "ఇతన్ని క్షమించాం, గడ్డం పూర్తి చేయించి పంపండి" అన్నాడు. చప్పట్లు! మేనేజరు ఇకమీదట రోజూ ఆ సీను ఉంచేద్దామంటున్నాడు.

సరే, నవ్వింది చాలు. నెలలు నిండుతున్నాయి వదినా. మొదటి నెల నా కళ్ళలో మెదులుతోంది. బొంత ఉతికి సిద్ధంగా పెట్టాను. ఉయ్యాల వెనక్కి తెచ్చుకోండి. వచ్చే వారానికల్లా పిల్లల దగ్గరికి పంపేయాలి.

మీ తోడుదొంగ


కుట్టు దుకాణం,
ఖాళీ గోడ పక్క నుంచి
బుధవారం

వదినా,

ఉయ్యాల తేలేకపోయాను.

మొదటిసారి వెళ్ళేసరికి పిల్లాడు అందులో నిద్రపోతున్నాడు. లేపడం ఎందుకని వచ్చేశాను. రెండోసారి వెళ్తే మేలుకునే ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వులో కింద తెల్లగా ఒక చుక్క. పన్ను! వాళ్ళమ్మ పై పట్టీ మీద ఒక చోట చూపించింది. మీ ఇంటాయన గాట్ల పక్కన, ఈ చివర, చిన్నది, ఒక్కటే ఒక్క గాటు. నిజమైనది. దాని మీద వేలు పెట్టి చూశాను వదినా.

మూడోసారి తెగించి వెళ్ళాను. ఆ అమ్మాయి వాణ్ణి ఎత్తుకుని, ఉయ్యాల తుడిచి, పరుపు దులిపి సిద్ధం చేసింది. పిండి బస్తాల మధ్య ఆ పాత పరుపు మళ్ళీ పరిచింది. వాడు బోర్లాపడటం నేర్చాడు, పాకబోతున్నాడు, పక్కనే పొయ్యి. నేను ఉయ్యాల ఒక కాలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. "వీడు నడిచాక ఇద్దువుగానిలేమ్మా" అని వచ్చేశాను.

మీది కొత్త ఉయ్యాల, కాదు, పాత ఉయ్యాల, కాదు, ఏదో ఒకటి, అది మీది. మిమ్మల్ని అడగకుండా ఇచ్చేశాను. తిట్టండి. దాంతో మీ మొదటి నెల కూడా చిక్కులో పడింది. నా బొంత ఒక్కటే పంపితే చీటీ కూడా అక్కర్లేకుండా నేను గెలుస్తాను. అది నాకు ఇష్టం లేదు. ఆ బొంత కూడా కవలల దగ్గరే ఉంచేయండి. ఇద్దరం ఒట్టి చేతులతో ఉందాం.

మీ వదిన


సామాన్ల గది నుంచి
శనివారం

వదినా,

ఎందుకు తిడతాను? ఆ ఒక్క గాటు నేను చేసిన గాట్లన్నిటినీ వెక్కిరిస్తోంది. బొంత రాణికే ఇచ్చేశాను, మీ ఉత్తరం అందిన రోజునే.

కానీ అంతా అయిపోయింది. గుట్టు రట్టయింది. మావాడు ఫోన్ చేస్తే మీ అన్నయ్యగారు స్పీకర్ పెట్టి, "మీ అమ్మ నా పళ్ళతో ఉయ్యాలని కొరికించిందిరా, అప్పటి నుంచి నేను నానబెట్టిన రొట్టే తింటున్నాను" అని మొత్తం చెప్పేశారు. అటు మా అన్నయ్యగారు కూడా టీలో నానిన ఎలుగుబంట్ల గురించి చెప్పేశారట. మన ఉత్తరాలన్నీ చదివారట ఇద్దరూ! పైగా ఒకరితో ఒకరు ఫోన్లో చెప్పుకుని నవ్వుకున్నారట!

వదినా, పాప పుట్టింది. అనుకున్న దానికన్నా ముందే. తల్లీ బిడ్డా క్షేమం. మీకూ కబురు వచ్చే ఉంటుంది. ఇద్దరం కొత్తవే కొన్నాం కాబట్టి షరతు తప్పినట్టేనట, మొదటి నెల తాతయ్యలది. మీ అన్నయ్యగారు సంచి సర్దుకుని, చెప్పులు కుట్టించుకుని, ఈల వేసుకుంటూ బస్సెక్కారు. నేను వీధి మలుపు దాకా చెయ్యి ఊపి, లోపలికి వచ్చి, నా పోస్టరు మీది రాణిలాగే కూర్చున్నాను. నవ్వుదామని చూస్తున్నాను, రావడం లేదు.

మీ వదిన


కుట్టు దుకాణం నుంచి,
తాళం వేస్తూ
మంగళవారం

వదినా, లేవండి! కళ్ళు తుడుచుకోండి! సంచి సర్దండి!

ఇప్పుడే నా కూతురు ఫోన్ చేసింది. ఇది పోస్టులో వస్తే మీకు అందేసరికి ఆలస్యం అవుతుందని మీ ఊరు వచ్చే బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటారా? ఈయన వదిలి వెళ్ళిన ఫోన్ చేతిలో ఉన్నా కలం వైపే చెయ్యి పోయింది, ఏం చేయను.

తాతయ్యలిద్దరూ వెళ్ళారా, పాప పడుకున్న బుట్టకి అటొకరు ఇటొకరు కూర్చున్నారట. పై వాటా వాళ్ళ పిల్లలు పెరిగిన బుట్టేనట అది, పిల్లలు మన ఉయ్యాల కోసం కాచుక్కూర్చోలేదు. పాప ఏడిస్తే మీ ఇంటాయన పాట పాడతారట, మా ఇంటాయన విసనకర్రతో విసురుతారట. ఎత్తుకోమంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారట. చివరికి నా కూతురు, "నాన్నా, నన్ను ఎలా ఎత్తుకునేవారు? అలాగే ఎత్తుకోండి" అందట. ఈయన తల గోక్కుని, "నిన్ను నేను ఎత్తుకోలేదమ్మా. చిన్నదానివి, జారిపోతావేమోనని భయం. నడక వచ్చాక వేలు పట్టుకున్నాను" అన్నారట. మీ ఇంటాయనదీ అదే కథట.

ఫోన్లో ఒక పక్క పాప ఏడుస్తోంది, ఒక పక్క ఇది నవ్వుతోంది. "అమ్మా, షరతు షరతే. కొత్తది ఏదీ మా గడప దాటకూడదు. నాన్న చేతులూ మామయ్యగారి చేతులూ ఇన్నేళ్ళయినా పెట్టెలోంచి తీయలేదు, సీలు కూడా విప్పలేదు. పసిబిడ్డ విషయంలో ఇద్దరూ కొత్త సరుకే. వెనక్కి పంపేస్తున్నాను. నువ్వూ అత్తయ్యా చెరో బిడ్డనీ పెంచి అరిగిపోయిన చేతులతో ఉన్నారు. ఇంతకన్నా వాడిన వస్తువు నాకు ఎక్కడ దొరుకుతుంది? ఇద్దరూ వచ్చేయండి. ఇరుకైతే ఇరుకు" అంది.

నేనేం చేశానో చెప్పనా? పాప ఏడుపు వింటూనే అటక మీది సంచి దించాను.

తర్వాత గుర్తొచ్చింది, మీరు మొదటి నెల మీ వాణ్ణి ఎత్తుకోలేదని. అది నా కూతురికి చెప్పాను. "అయితే అత్తయ్య ఆ ఒక్క నెలా ఇప్పుడు వాడుకుంటుంది" అంది. వదినా, నేను మొదటి ఉత్తరంలో మీ మొదటి నెల లాక్కోవాలనుకున్నాను. సిగ్గుగా ఉంది.

రేపు పొద్దున బస్సు మీ స్టాండులో ఆగుతుంది. కిటికీ పక్క సీటు మీద నా చేతిరుమాలు వేసి ఉంచుతాను. రుమాలుకి మాసిక ఉంటుంది, నిమ్మకాయ ఆకారంలో. పాపని ముందు ఎవరు ఎత్తుకోవాలన్నది దారిలో పోట్లాడుకుందాం. ఏమీ కొనకండి. నిజంగా ఏమీ కొనకండి.

మీ వదిన


పిల్లల ఇల్లు,
ఇరుకు గది, బుట్ట పక్క నుంచి
ఆదివారం

ఇద్దరు తాతయ్యలకి,

ఈ ఉత్తరం మేమిద్దరం కలిసి రాస్తున్నాం. ఒక వాక్యం ఆమె, ఒక వాక్యం నేను. ఏది ఎవరిదో మీరే తేల్చుకోండి. కాగితం కోసం వెతికితే పిల్లల పెళ్ళికార్డు ఇంకొకటి దొరికింది.

మీరు కుట్టు దుకాణం ఇంట్లో క్షేమంగా ఉన్నారనుకుంటున్నాం. టీ గిన్నె స్టవ్వు కింద అరలో ఉంది. పక్కనే రొట్టెల దుకాణం. ఆ అమ్మాయికి చెప్పి వచ్చాం, రోజూ పొద్దున ఆమె రొట్టెలు కాల్చే వేళకి మీరిద్దరూ వెళ్ళి పిల్లాణ్ణి ఎత్తుకోవాలి. మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి. వాడు మీద తడిపితే కంగారు పడకండి, కొత్తదనం పోతున్నట్టు గుర్తు. ఉయ్యాల పట్టీ మీద వాడికి ఇంకా గాట్లు పడ్డాయేమో చూసి రాయండి. మీ పళ్ళు దానికి దూరంగా ఉంచండి.

మీ చేతులు బాగా వాడబడ్డాయని ఆ అమ్మాయి చెప్పిన రోజున మీకు బస్సు. పాప అప్పటికి పెద్దదేమీ అయిపోదు. మీ ఇద్దరి గురించి అడిగినట్టే అటూ ఇటూ చూస్తోంది.

మేము ఒక్క పక్క మీద ఒత్తుకుని పడుకుంటున్నాం. అల్లుడికీ కోడలికీ మా గురకల మధ్య నిద్ర లేదు. ఇంత ఇరుకు, ఇంత సంతోషం ఎప్పుడూ ఎరగం. పురిటి బిడ్డ వాసన ఎలా ఉంటుందని ఇక ఎవరినీ అడగనక్కర్లేదు.

బస్సు దిగి, మెట్లెక్కి, చేతులు కడుక్కుని, ఇద్దరం ఒక్కసారే బుట్ట దగ్గరికి వెళ్ళాం. అప్పుడు మాలో ఒకరు పాపని ఎత్తుకుని రెండోవాళ్ళ చేతుల్లో పెట్టారు. ఎవరు ఎత్తుకున్నారో, ఎవరి చేతుల్లో పెట్టారో మాత్రం చెప్పం. మీకు కడుపులో మాట దాగదు.

అమ్మమ్మ, నానమ్మ